కేదార్‌నాథ్: ఎక్కడం సంగతి అందరూ చెప్పారు, అమ్మానాన్నలతో పిల్లలతో దిగడం ఎలా?

గోదారిగట్టు
మే చివర్లో కేదార్‌నాథ్ వెళ్తున్నాం. అమ్మకి 66, నాన్నకి 70, మా ఆవిడ, పదో తరగతి అమ్మాయి, పదేళ్ల బాబు. ఎక్కడం గురించి ఎవర్ని అడిగినా గంటసేపు చెప్తున్నారు. పొద్దున్నే బయల్దేరండి, గుర్రం మాట్లాడుకోండి, డయామాక్స్ (ఎత్తు వల్ల వచ్చే జబ్బు రాకుండా వేసుకునే మాత్ర) వేసుకోండి, కర్పూరం దగ్గర పెట్టుకోండి అని. దిగడం గురించి అడిగితే మాత్రం "దిగడమే కదా" అని వదిలేస్తున్నారు. ట్రావెల్స్ వాళ్లిచ్చిన కాగితంలో ఇలా ఉంది: పైన ఒక రాత్రి బస, పొద్దున దర్శనం, 11 గంటలకి దిగడం మొదలు, మధ్యాహ్నం 3కి సోన్‌ప్రయాగ్, అక్కడి నుంచి బద్రీనాథ్ వైపు బస్సు. 16 కిలోమీటర్లు నాలుగు గంటల్లో 70 ఏళ్ల మనిషి ఎలా దిగుతాడని అడిగాను. "కిందికే కదా సార్, కాళ్లు వాటంతటవే వచ్చేస్తాయి" అన్నాడు. అమ్మకి ఎడమ మోకాలు నొప్పి. మెట్లు ఎక్కడానికి ఇబ్బంది లేదు, దిగడానికే గోడ పట్టుకుంటుంది. ఇంటిల్లిపాదితో దిగినవాళ్లు చెప్పండి. నిజంగా ఎంతసేపు పట్టింది, ఎవర్ని ఎలా దించారు?

మెట్లదారి
నాలుగు గంటల మాట మర్చిపోండి. మాతో 60 దాటినవాళ్లు ఇద్దరున్నారు. టీ, బాత్రూం, కాస్త కూర్చోవడం అన్నీ కలిపి ఎనిమిది గంటలు పట్టింది. నడకదారి మొదలయ్యే ఊరు గౌరీకుండ్ చేరేసరికి చీకటి పడింది. అక్కడితో అయిపోదు. గౌరీకుండ్ నుంచి సోన్‌ప్రయాగ్ 5 కిలోమీటర్లు, మన బస్సు అక్కడికి రాదు, వాళ్ల షటిల్ జీపే ఎక్కాలి. సాయంత్రం అందరూ ఒకేసారి దిగుతారు కాబట్టి ఆ క్యూలో గంటకు పైగా నిలబడాలి. ముసలివాళ్లకి 16 కిలోమీటర్ల కంటే ఆ నిలబడటమే ఎక్కువ బాధగా ఉంటుంది. మా పిన్ని రోడ్డు మీదే కూర్చుండిపోయింది.

కొండగాలి
మేం ఫ్రెండ్సుతో మూడున్నర గంటల్లో దిగాం. మరీ భయపెట్టకండి.

మెట్లదారి
అన్నా, ఆయన అడిగింది 70 ఏళ్ల నాన్న గురించి, పదేళ్ల బాబు గురించి. ఫ్రెండ్సుతో దిగిన లెక్క ఇక్కడ పనికిరాదు.

ఫిజియో_విశాఖ
గోదారిగట్టు గారూ, మీ అమ్మగారికి దిగేటప్పుడే నొప్పి అన్నారు, అది ముఖ్యమైన సంగతి. ఎక్కేటప్పుడు తొడ ముందు కండరం ముడుచుకుంటూ పనిచేస్తుంది. ఆయాసం ఎక్కువ, కండరానికి దెబ్బ తక్కువ. దిగేటప్పుడు అదే కండరం సాగుతూ ఒంటి బరువంతా ఆపాలి, ఘాట్ రోడ్డులో లోడు లారీకి బ్రేకు ఎలాగో అలాగ. గుండె మీద భారం తక్కువ కాబట్టి "ఏం అలసట లేదే" అనిపిస్తుంది. ఆ ధైర్యంతోనే స్పీడు పెంచుతారు. సగం దారి అయ్యాక కాళ్లు వణకడం మొదలవుతుంది. జారిపడేది అప్పుడే. మోకాలి చిప్ప వెనక నొప్పి ఉన్నవాళ్లకి మెట్టు దిగే ప్రతిసారీ ఆ చిప్ప మీద ఒత్తిడి ఒంటి బరువుకి కొన్ని రెట్లు పడుతుంది.

గౌరీకుండ్ దాదాపు 1,980 మీటర్ల ఎత్తులో ఉంది, కేదార్‌నాథ్ 3,583 మీటర్లు. అంటే ఒక్క రోజులో 1,600 మీటర్లు కిందికి దిగాలి. వైజాగ్‌లో కైలాసగిరి మెట్లు దిగడంతో పోల్చుకుని ధైర్యం తెచ్చుకోకండి.

ఇంకో మాట. మనవాళ్లకి ఎక్కడం ప్రాక్టీసు ఉంటుంది, దిగడం ప్రాక్టీసు ఉండదు. తిరుమల నడిచి ఎక్కుతాం, బస్సులో దిగుతాం. సింహాచలమూ అంతే. కండరం ఒక్కసారి దిగడం రుచి చూస్తే ఆ తర్వాత కొన్ని వారాలపాటు అదే పనికి చాలా తక్కువ నొప్పి పడుతుంది, ఇది పరిశోధనల్లో బాగా రుజువైన సంగతి. కాబట్టి యాత్రకి రెండు మూడు వారాల ముందు ఇంట్లో అందరూ ఎక్కడైనా మెట్లు నెమ్మదిగా దిగాలి. ఎక్కడానికి లిఫ్టు వాడినా నష్టం లేదు. అమ్మగారు మాత్రం ముందు డాక్టర్‌కి చూపించుకుని, నొప్పి రానంత వరకే చెయ్యాలి.

తిరుపతి_వాసి
ఫిజియో గారు భలే చెప్పారు. అలిపిరి దారి 3,550 మెట్లు. ఎక్కేవాళ్లు వేలల్లో ఉంటారు, నడిచి దిగేవాళ్లు ఎక్కడో ఒకరు కనిపిస్తారు. మోకాళ్ల పర్వతం దగ్గర నిటారుగా ఉంటుంది కదా, అక్కడ పైనుంచి కిందికి ఒకసారి దిగి చూడండి, కేదార్‌నాథ్‌లో కాళ్ల సంగతి ముందే తెలిసిపోతుంది. శ్రీవారి మెట్టు దారి 2,388 మెట్లే, అది పిల్లలకి చాలు.

చెరువుగట్టు
అమ్మగారికి గుర్రం పెడదాం అనుకుంటున్నారేమో, ఒక్క నిమిషం ఆగండి. ఎక్కేటప్పుడు గుర్రం సుఖం. దిగేటప్పుడు కాదు. నిజానికి అవి చాలావరకు కంచరగాడిదలు, అక్కడ ఖచ్చర్ అంటారు. ముందు కాళ్లు మెట్టు దిగిన ప్రతిసారీ మన నడుం ఒక్క కుదుపు కుదుపుతుంది. అది ఆగకుండా గంటలకొద్దీ. పైగా దానికి లోయ అంచునే నడిచే అలవాటు. వాన పడ్డాక రాళ్ల మీద పేడ, బురద కలిసి పేరుకుంటుంది. డెక్క రాతి మీద సర్రున జారి మళ్లీ నిలదొక్కుకున్నప్పుడు పైన కూర్చున్న మనిషి కింద లోయలో మందాకిని నది వైపు చూస్తుంటాడు. మా నాన్నగారు దారి మధ్యలో భీంబలి దగ్గర దిగిపోయి, మిగతాదంతా నడిచే వస్తానన్నారు.

దిగేటప్పుడు గుర్రమే గతి అయితే: ఒళ్లు వెనక్కి వాల్చాలి, పాదాలు రికాబుల్లో ముందుకి తన్నిపెట్టాలి, జీను ముందున్న ఇనప కమ్మీ వదలకూడదు. పాదం రికాబులో మడమ దాకా దూర్చకండి, పడితే ఇరుక్కుంటుంది. తోలేవాడు పగ్గం చేత్తో పట్టుకుని పక్కనే నడవాలని ముందే గట్టిగా చెప్పండి. ఒకడు నాలుగు గుర్రాల్ని వదిలేసి వెనకాల ఫోన్ మాట్లాడుకుంటూ వస్తే ఒప్పుకోకండి.

సికింద్రాబాద్_సుధ
చెరువుగట్టు గారూ, అందరికీ అలా ఉండదండి. మా అత్తగారు గుర్రం మీదే హాయిగా దిగారు, ఆవిడ చిన్నప్పుడు ఎడ్లబండి మీద పెరిగిన మనిషి. నడుం నొప్పి, ఎముకలు గుల్లబారడం ఉన్నవాళ్లకి మాత్రం వద్దు. మా అమ్మకి డోలీ పెట్టాం. నలుగురు మోస్తారు, గుర్రం కంటే ఖరీదు చాలా ఎక్కువ, రేటు మనిషి బరువుని బట్టి ఉంటుంది. ప్రీపెయిడ్ కౌంటర్ ఉంటుంది, రసీదు తీసుకోండి. పిల్లల్ని వీపు మీద బుట్టలో మోసే కండీ మనుషులు కూడా ఉంటారు. మా వాడు దిగుతూ ఆ బుట్టలోనే నిద్రపోయాడు. వాడికి చెవులదాకా టోపీ, కాళ్లకి మందం సాక్సు వెయ్యడం మర్చిపోకండి. కదలకుండా కూర్చున్న పిల్లలకి త్వరగా చలి పట్టేస్తుంది, మోసేవాడికి చెమట పడుతుంటే మనకి ఆ సంగతి తోచదు.

ఇంకొకటి, డోలీ వాళ్లు మనకంటే చాలా వేగంగా వెళ్లిపోతారు. అమ్మ ఒక్కతే ముందు వెళ్లిపోయి గౌరీకుండ్‌లో భాష రాక, ఫోన్ సిగ్నల్ లేక కూర్చుంది. పెద్దవాళ్ల చేతికి ఫోన్ నంబర్లు రాసిన కాగితం, కొంత డబ్బు, వాళ్ల మందులు ఇచ్చి పంపండి. ఎక్కడ ఆగి ఎదురుచూడాలో డోలీ వాళ్లకి ముందే చెప్పాలి. వీలైతే ఇంట్లో గట్టిగా నడవగల ఒకరు పక్కనే వెళ్లాలి.

కొండగాలి
సుధ గారు చెప్పిన కాగితం సంగతి బాగుంది. మేం దిగేటప్పుడు దారిలో లించోలి దగ్గర ఒక పెద్దాయన తన వాళ్ల కోసం ఏడుస్తూ కనిపించారు, తెలుగాయనే, మా ఫోన్‌లోంచి కాల్ చేసి కలిపాం.

డాక్టరమ్మ_కర్నూలు
మోకాళ్లు పక్కన పెట్టి ఊపిరితిత్తుల సంగతి చెప్తాను. కేదార్‌నాథ్‌లో గాలి ఒత్తిడి సముద్ర మట్టంతో పోలిస్తే మూడో వంతుకు కాస్త పైగానే తక్కువ. మొదటి రాత్రి తలనొప్పి, ఆకలి లేకపోవడం, నిద్ర పట్టకపోవడం చాలామందికి వస్తాయి. దానికి అసలైన మందు కిందికి దిగడమే. 300 నుంచి 1,000 మీటర్లు దిగితే చాలావరకు తగ్గిపోతుంది. అంటే ఈ దారిలో దిగడం శిక్ష కాదు, వైద్యం కూడా.

కానీ ఈ మూడు లక్షణాల్లో ఏ ఒక్కటి కనిపించినా పొద్దునదాకా ఆగకూడదు. ఒకటి, ఊరికే కూర్చున్నా ఆయాసం, దగ్గు, నురగతో కఫం. రెండు, మాట తడబడటం, మత్తుగా ఉండటం, తిక్కగా మాట్లాడటం. మూడు, ఒక మడమ ముందు ఇంకో మడమ పెట్టి గీత మీద నడవమంటే తూలిపోవడం. అప్పుడు దర్శనం అయిందా లేదా అని చూడకుండా మనిషిని దించాలి, నడిపించకుండా మోయించాలి. దారి పొడవునా మెడికల్ రిలీఫ్ పాయింట్లు ఉన్నాయి, ఆక్సిజన్ పెడతారు. ఆక్సిజన్ పెట్టాక తేలిగ్గా ఉందని మళ్లీ పైకి తీసుకెళ్లొద్దు.

దిగుతున్నకొద్దీ తలనొప్పి తగ్గాలి. లించోలి దాటి, భీంబలి దాటినా తగ్గకుండా పెరుగుతోందంటే అది ఎత్తు వల్ల కాదేమో అని అనుమానించండి. నీళ్లు తక్కువ కావడం, షుగర్ పడిపోవడం, బీపీ, గుండె, ఏదైనా కావచ్చు. ఛాతీలో నొప్పిని ఎప్పుడూ ఎత్తు మీదికి నెట్టకండి. మీ నాన్నగారికి షుగర్ ఉందా?

గోదారిగట్టు
ఉందండి. మాత్రలూ ఇన్సులినూ రెండూ. బీపీ కూడా.

డాక్టరమ్మ_కర్నూలు
అయితే దిగే రోజు ఆయన టైంటేబుల్ రాసి పెట్టుకోండి. దర్శనం క్యూలో టిఫిన్ ఆలస్యం, ఆ తర్వాత గంటలకొద్దీ నడక, పొద్దున వేసుకున్న ఇన్సులిన్ ఒంట్లో పనిచేస్తూనే ఉంటుంది. షుగర్ పడిపోవడానికి ఇంతకంటే అనువైన రోజు ఉండదు. చెమటలు, వణుకు, చిరాకు అలసటలాగే కనిపిస్తాయి. జేబులో గ్లూకోజ్, పల్లీ చిక్కీ ఉండాలి, బ్యాగులో కాదు. ఇన్సులిన్ గడ్డకడితే పనికిరాదు, లోపలి జేబులో ఒంటికి ఆనించి పెట్టుకోవాలి. చలికి షుగర్ మిషన్ సరిగ్గా చూపించకపోవచ్చు, దాన్నీ లోపలే ఉంచండి. ఆ రోజు డోసు ఎంత అనేది మాత్రం మీ డాక్టర్‌ని అడిగి వెళ్లండి, ఇక్కడ ఎవరు చెప్పినా మార్చకండి.

శివపాదం
అమ్మా, మేం కర్పూరం మూట ముక్కు దగ్గర పెట్టుకునే ఎక్కాం, దిగాం. ఏమీ కాలేదు. మా పెద్దవాళ్లు డయామాక్స్ పేరు కూడా విని ఎరగరు. స్వామి మీద భారం వేసి వెళ్లాలి, మరీ ఇంత టెన్షన్ అక్కర్లేదు.

డాక్టరమ్మ_కర్నూలు
స్వామి మీద భారం వెయ్యడానికి నాకూ అభ్యంతరం లేదండి, నేనూ మొక్కుకునే వెళ్లాను. కర్పూరం వాసనకి ముక్కు తెరుచుకున్నట్టు హాయిగా ఉంటుంది, రక్తంలో ఆక్సిజన్ పెరగదు. చిన్నపిల్లలకి మాత్రం అందనివ్వకండి, మింగితే ఫిట్స్ వస్తాయి. డయామాక్స్ ఎక్కేటప్పటి మందు, దిగడం మొదలయ్యాక సాధారణంగా దాని అవసరం ఉండదు. సల్ఫా పడనివాళ్లు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు డాక్టర్‌కి చెప్పకుండా ముట్టుకోకూడదు. అది వేసుకుంటే మూత్రం ఎక్కువ వస్తుంది, ఆడవాళ్లు దారిలో బాత్రూంకి భయపడి నీళ్లు మానేస్తారు, అక్కడ మొదలవుతుంది అసలు సమస్య.

సికింద్రాబాద్_సుధ
ఆ చివరి మాటకి వంద దండాలు. దారిలో టాయిలెట్లు ఉన్నాయి, శుభ్రం సంగతి అడగొద్దు. నీళ్లు మానెయ్యొద్దు. పదో తరగతి అమ్మాయి ఉందన్నారు కాబట్టి చెప్తున్నా, ఎత్తులో నెలసరి ముందే రావచ్చు, ప్యాడ్లు, పాత కాగితాలు, ఒక కవరు అమ్మాయి చిన్న బ్యాగులోనే ఉండాలి. పెద్ద బ్యాగు గుర్రం మీద ముందు వెళ్లిపోతుంది.

బే_ఏరియా_బాబాయ్
మా అనుభవం నేపాల్‌ది. ఎవరెస్ట్ బేస్ క్యాంపుకి మా ఆవిడ, కాలేజీ పిల్లలిద్దరితో వెళ్లాం. లోబుచేలో (4,940 మీటర్లు) మా ఆవిడకి తలనొప్పి, వాంతులు. పిల్లలు "రేపు ఒక్క రోజే కదా అమ్మా" అని బతిమాలారు. మా షెర్పా ఒప్పుకోలేదు. ఆ సాయంత్రమే ఫెరిచే (4,371 మీటర్లు) దించేశాడు, అక్కడ హిమాలయన్ రెస్క్యూ అసోసియేషన్ వాళ్ల క్లినిక్ ఉంది. 570 మీటర్లు దిగేసరికి రాత్రి సూప్ అడిగి తాగింది. ఆమెతో నేను దిగాను, పిల్లలు గైడ్‌తో బేస్ క్యాంపుకి వెళ్లొచ్చారు. ఇంట్లో ఒకరు దిగాల్సి వస్తే ఎవరు తోడు దిగాలో మేం హైదరాబాద్‌లో ఉండగానే అనుకున్నాం. అందుకే ఆ సాయంత్రం వాదన రాలేదు. కుటుంబంతో వెళ్లేవాళ్లకి నేను చెప్పే ఒకే సలహా ఇది: ఎవరు ఎవరితో దిగుతారు అనేది కొండ మీద కాదు, ఇంట్లో డైనింగ్ టేబుల్ దగ్గర తేల్చుకోండి.

తిరుగు దారిలో నామ్‌చే నుంచి లుక్లా వచ్చే చివరి రోజు కూడా "దిగడమే కదా" అనుకుంటారు. నది దాకా దింపి, ఫాక్డింగ్ దాటాక మళ్లీ లుక్లాకి ఎక్కిస్తుంది. మావాళ్లందరికీ ఒళ్లు మండిపోయింది.

నల్లమల_నడక
బాబాయ్ గారు చెప్పిన "ఎవరు ఎవరితో" సంగతి హేమకుండ్ సాహిబ్‌కీ (ఉత్తరాఖండ్ కొండల్లో సిక్కుల యాత్రాస్థలం) వర్తిస్తుంది. అక్కడ పైన రాత్రి బస లేదు. కింద బస చేసే ఊరు ఘాంఘరియా నుంచి 6 కిలోమీటర్లే, కానీ సుమారు 1,200 మీటర్లు ఎక్కి మధ్యాహ్నం దాటకముందే దిగడం మొదలుపెట్టాలి. మా గుంపులో ఒకాయన ఆలస్యంగా పైకి చేరి, గంటసేపైనా కూర్చోనివ్వలేదని బాధపడ్డారు. మధ్యాహ్నం మబ్బు కమ్మి వడగళ్లు మొదలయ్యాక ఆ నియమం ఎందుకో అందరికీ తెలిసింది. తడిసిన బట్టలతో, గాలిలో, దిగేటప్పుడు ఒళ్లు వేడెక్కదు. ఎక్కేటప్పుడు రెయిన్‌కోటు మర్చిపోయినా నెగ్గుకురావచ్చు, దిగేటప్పుడు కుదరదు.

అమర్‌నాథ్‌లో ఇంకో రకం. పహల్గాం వైపు నుంచి ఎక్కి, దగ్గర కదా అని బాల్తాల్ వైపు దిగుతారు. 14 కిలోమీటర్లే గానీ అది నిటారు. అమ్మలాంటి మోకాళ్లున్నవాళ్లకి దగ్గర దారి ఎప్పుడూ మంచి దారి కాదు.

గోదారిగట్టు
ఇన్ని తెలియని సంగతులు ఉన్నాయా అనిపిస్తోంది, చెప్పినవాళ్లందరికీ థాంక్స్. మా ఆవిడ ఈ పోస్టులన్నీ నాన్నకి చదివి వినిపించింది, ఆయన ఇన్సులిన్ మాట దగ్గర మొదటిసారి శ్రద్ధగా విన్నారు. ఒక ప్రశ్న. దిగేటప్పుడు మాత్రం అమ్మానాన్నకి హెలికాప్టర్ దొరుకుతుందా? అలా అయితే ఈ గొడవే ఉండదు కదా.

మాస్టారు_ఒంగోలు
బాబూ, దాని మీద ఆశ పెట్టుకుని ప్లాన్ వెయ్యకు. టికెట్లు ఐఆర్‌సీటీసీ వాళ్ల సైటులో ముందే అయిపోతాయి. గుప్తకాశీ, ఫాటా, సెర్సీ నుంచి నడుస్తాయి. పైన లోయ ఇరుకు, మబ్బు కమ్మితే ఆపేస్తారు, ఆపాలి కూడా. 2025 జూన్‌లో గౌరీకుండ్ దగ్గర జరిగిన ప్రమాదంలో ఏడుగురు పోయారు. "మా టికెట్ ఉంది, ఎగరాల్సిందే" అని కౌంటర్ దగ్గర కేకలు వేసేవాళ్లని చూశాను, అలా ఒత్తిడి చెయ్యడం పాపం. దొరికితే మంచిదే, దొరక్కపోతే ఎలా దిగాలో అది కూడా సిద్ధంగా ఉండాలి.

నేను 2013కి ముందు కూడా వెళ్లాను. అప్పుడు దారి 14 కిలోమీటర్లు, మధ్యలో రాంబాడాలో పెద్ద బజారు, దిగేవాళ్లంతా అక్కడ పూరీ తిని కాళ్లు చాపుకునేవాళ్లు. ఆ జూన్ 16, 17 వరదలో రాంబాడా మొత్తం కొట్టుకుపోయింది. ఇప్పుడు దారి అక్కడ మందాకిని దాటి అవతలి ఒడ్డు మీదుగా లించోలి వైపు ఎక్కుతుంది. 2024 జూలై 31 రాత్రి కుంభవృష్టికి ఆ దారి కూడా తెగి, వేలమందిని హెలికాప్టర్లలోనూ నడిపించీ దించారు. దిగే రోజున ఒక రోజు అదనంగా చేతిలో లేకపోతే మనిషి వానలో కూడా బయల్దేరతాడు. తిరుగు రైలు టికెట్ చూసుకుని ప్రాణం మీదికి తెచ్చుకునేవాళ్లు వీళ్లే. ఆ ఒక్క రోజు ట్రావెల్స్ వాళ్ల దగ్గర పోట్లాడి అయినా సంపాదించు.

మెట్లదారి
మాస్టారూ, రాంబాడా పూరీల సంగతి మా తాతయ్య కూడా చెప్పేవాడు.

కొండగాలి
మరి ఒక్క రోజు ఎక్కువ అంటే ఆరుగురికి బస, భోజనం, బస్సు వెయిటింగ్. మధ్యతరగతి వాళ్లకి చిన్న ఖర్చు కాదు. అది కూడా ఆలోచించాలి.

సికింద్రాబాద్_సుధ
నిజమే. మేం ఏం చేశామంటే బద్రీనాథ్‌లో రెండో రాత్రి తీసేసి, ఆ రోజుని గౌరీకుండ్‌కి మార్చుకున్నాం. మొత్తం ఖర్చు పెద్దగా పెరగలేదు. దిగిన రాత్రి గౌరీకుండ్‌లోనో సోన్‌ప్రయాగ్‌లోనో పడుకుంటే చాలు, జీపు క్యూ కూడా మర్నాడు పొద్దున ఖాళీగా ఉంటుంది.

చెరువుగట్టు
బూట్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. దిగేటప్పుడు పాదం బూటులో ముందుకి జారి బొటనవేలి గోరు ముందు గోడకి కొట్టుకుంటుంది. వేల దెబ్బలు. మా అన్నయ్యకి రెండు బొటనవేళ్ల గోళ్లూ ముందు ఎర్రగా కమిలి, ఇంటికొచ్చేసరికి నల్లబడి, నెల తర్వాత ఊడిపోయాయి. కొత్త బూట్లు, సరిగ్గా సరిపోయే సైజు. కొద్దిగా వదులుండాలి.

ఫిజియో_విశాఖ
అవును, అర సైజు పెద్దవి తీసుకోండి. గోళ్లు రెండు రోజుల ముందే పొట్టిగా తియ్యండి. దిగడం మొదలుపెట్టే ముందు లేసులు విప్పి, మడమని బూటు వెనక్కి గట్టిగా నొక్కి, చీలమండ దగ్గర బిగించి మళ్లీ కట్టండి, వేళ్ల దగ్గర వదులుగా ఉంచండి. పిల్లవాడికి మీరే కట్టాలి, వాడు ఎక్కేటప్పటి ముడితోనే దిగేస్తాడు.

కర్ర తప్పనిసరి, పెద్దవాళ్లకి రెండు ఉంటే ఇంకా మంచిది. పొడుగు మార్చుకునే కర్ర అయితే దిగేటప్పుడు 5 నుంచి 10 సెంటీమీటర్లు పెంచండి. ముందు కర్ర కింది మెట్టు మీద ఆనించి, తర్వాత నొప్పి ఉన్న కాలు దించి, తర్వాత మంచి కాలు. మీ అమ్మగారికి ఇప్పటినుంచే ఇంటి మెట్ల మీద ఇదే వరస అలవాటు చెయ్యండి: దిగేటప్పుడు చెడ్డ కాలు ముందు, ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు. అడుగులు చిన్నవి, మోకాలు ఎప్పుడూ కొద్దిగా వంగి ఉండాలి. దారి ఏటవాలుగా ఉన్నచోట అడ్డంగా వంకర్లు తిరుగుతూ దిగాలి, షార్ట్‌కట్ మెట్లు పట్టొద్దు. మోకాలి పట్టీ వాడతానంటే వాడనివ్వండి, కొత్తది మాత్రం ఆ రోజే మొదటిసారి వెయ్యొద్దు, చర్మం ఒరుసుకుపోతుంది.

తిరుపతి_వాసి
గౌరీకుండ్‌లో అమ్మే వెదురు కర్ర కూడా పనికొస్తుంది, కింద ఇనప మొన ఉంటుంది. రెండు రాళ్ల మధ్య సందులో ఆ మొన ఇరుక్కుంటే లాగడానికి వెనక్కి తిరిగి తూలతారు, చూసి ఆనించాలి. మా బావగారు ఆ కర్రని రైల్లో మోసుకొచ్చారు, ఇప్పుడు పెరట్లో కోతుల్ని తోలడానికి మా అక్క దాన్నే వాడుతోంది.

శివపాదం
ఒకటి నేనూ చెప్తాను. గుర్రాలు ఎదురొచ్చినప్పుడు, వెనకనుంచి వచ్చినప్పుడు కొండ వైపు గోడకి ఆనుకుని నిలబడండి, లోయ వైపు ఎప్పుడూ నిలబడకండి. మూటల గుర్రం పక్కకి తగిలితే చాలు. పిల్లవాడి చెయ్యి కొండ వైపు ఉండేలా పట్టుకోండి. "హోష్, హోష్" అని వెనకాల వినిపిస్తే ఫోటో తర్వాత, ముందు పక్కకి జరగాలి.

డాక్టరమ్మ_కర్నూలు
శివపాదం గారు చెప్పింది మందుల కంటే ముఖ్యం.

గోదారిగట్టు
ట్రావెల్స్ అతనితో ఇవాళ గంటసేపు మాట్లాడాను. బద్రీనాథ్ రెండో రాత్రి తీసేసి, దిగిన రోజు సోన్‌ప్రయాగ్‌లో బస అని కాగితం మీద రాయించుకున్నాను. పొద్దున 5కి దర్శనం క్యూ, 8 కల్లా దిగడం మొదలు. అమ్మకి డోలీ, నాన్న నడక, భీంబలి దాకా వచ్చాక ఎలా ఉందో చూసుకుని మిగతాదానికి నిర్ణయం. అమ్మ పక్కన మా ఆవిడ, నాన్న పక్కన నేను, పిల్లలిద్దరూ నా ముందు. వానొస్తే ఆ రోజు బయల్దేరం. ఇంకేమైనా మిగిలిందా?

మెట్లదారి
అమ్మాయిని మీ ఆవిడతో పంపండి. డోలీ స్పీడుకి ఒక్కరే అయితే కష్టం, అమ్మాయి వయసుకి ఆ నడక సరిపోతుంది. బాబుని మీ దగ్గర ఉంచుకోండి. మీ నాన్నగారి నడకకి బాబు విసుక్కుంటాడు, వాడికి చేతిలో పని పెట్టండి. మా వాడికి తాతయ్య నీళ్ల సీసా బాధ్యత ఇచ్చాం, ప్రతి షెల్టర్ దగ్గరా ఆపి తాగించాడు.

నల్లమల_నడక
తలకి పెట్టుకునే లైటు ఇద్దరికి ఒకటి. 8కే మొదలుపెట్టినా పెట్టుకోండి. ఫోన్ లైటు పట్టుకుంటే ఒక చెయ్యి పోతుంది, కర్ర ఎవరు పట్టుకుంటారు?

కొత్తకొండ
మధ్యలో దూరుతున్నా. మా ఇంట్లోవాళ్లకి 16 కిలోమీటర్లు అసాధ్యం. అదే ఉత్తరాఖండ్‌లో చోప్తా నుంచి తుంగనాథ్ గుడికి వెళ్తే ఇదే అనుభవం చిన్నగా దొరుకుతుందా?

మాస్టారు_ఒంగోలు
దొరుకుతుంది. తుంగనాథ్ 3,680 మీటర్లు, కేదార్‌నాథ్ కంటే ఎత్తే, కానీ చోప్తా నుంచి నాలుగు కిలోమీటర్ల లోపే, దారంతా రాళ్లు పరిచి ఉంటుంది. మధ్యాహ్నానికి దిగి బస్సు దగ్గరికి వచ్చెయ్యొచ్చు. గుడికి పైనున్న చంద్రశిల శిఖరం మాత్రం పెద్దవాళ్లకి వద్దు, ఆ పై ముక్క నిటారు, మంచు మిగిలి ఉంటే దిగడం ప్రమాదం.

గోదారిగట్టు
దిగిన మర్నాడు బస్సులో పది గంటలు కూర్చోవాలి. కాళ్ల నొప్పులకి ఏం చెయ్యాలి?

ఫిజియో_విశాఖ
నొప్పి దిగిన రోజు కంటే మర్నాడు, ఆ మర్నాడు ఎక్కువ ఉంటుంది, మూడో రోజు దాటాక తగ్గుతుంది. తొడలు ముట్టుకుంటే నొప్పి, మెట్టు దిగలేకపోవడం మామూలే. గట్టిగా మసాజ్ చేయించకండి. గంటన్నరకోసారి బస్సు ఆపించి రెండు నిమిషాలు నడవండి, కూర్చున్నప్పుడు పాదాలు పైకీ కిందికీ ఆడించండి.

డాక్టరమ్మ_కర్నూలు
ఒక్క పిక్క మాత్రమే వాచి, వేడిగా, నొక్కితే నొప్పిగా ఉంటే అది నడక నొప్పి అనుకోకండి, రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. దారిలో ఏ ఊళ్లో ఆసుపత్రి ఉంటే అక్కడ బస్సు ఆపించి చూపించండి. రెండు కాళ్లూ సమానంగా నొప్పిగా ఉంటే కంగారు లేదు, అవి దిగిన కాళ్లే. మూత్రం టీ డికాషన్ రంగులో వస్తే మాత్రం అదే రోజు డాక్టర్‌కి చూపించాలి, మీ నాన్నగారికి ఈ మాట విడిగా చెప్పండి, ఆయన తనంతట తాను చెప్పరు.